గానుగ వీధి కొలతలు

నీళ్లు రాకపోయినా ఫరవాలేదు, ప్రతి వీధికీ నీళ్ల సర్వే మాత్రం రావాలి!

కంగారు పడకండి. బాగా ఆలోచించి అంటున్న మాటే ఇది. నీళ్లు వస్తే ఏమవుతుంది? బిందెలు నిండుతాయి, బట్టలు ఉతుక్కుంటాం, మర్నాటికి బిందెలు మళ్లీ ఖాళీ. అంతకు మించి నీళ్ల వల్ల మనిషికి దక్కే గౌరవం ఏముంది? అదే సర్వే వచ్చిందనుకోండి. వీధిలోకి కారు వస్తుంది. ప్లాస్టిక్ కుర్చీలు వస్తాయి. గుమ్మం పక్కన నంబరు వేసి స్టిక్కరు అంటిస్తారు. ట్యాబు పట్టుకున్న చదువుకున్న అమ్మాయి మనకి ఎదురుగా కూర్చుని, మనం రోజుకి ఎన్నిసార్లు చేతులు కడుక్కుంటామో వినయంగా అడిగి రాసుకుంటుంది.

చోడవరంలో గానుగ వీధి గున్నమ్మకి అరవై మూడేళ్లు. ఎన్ని చెంబులతో స్నానం చేస్తావని ఆమెని ఇన్నేళ్లలో అడిగిన మనిషి లేడు. కట్టుకున్నవాడు నలభై ఏళ్లు కాపురం చేసి, ఆ సంగతి తెలుసుకోకుండానే పోయాడు. సర్వే అడిగింది! ఆడదానికి ఇంతకన్నా ఏం కావాలి?

పైపు కావాలి, అంటారు గిట్టనివాళ్లు.

నిజమే, గానుగ వీధిలో పైపు లేదు. ఇరవై నాలుగిళ్ల వీధి అది. మంచినీళ్ల పైపు డాబాల కాలనీ దాకా వచ్చి, అక్కడ మలుపులో ఆగిపోయింది. అక్కణ్నించి గానుగ వీధి రెండువందల మీటర్లు కూడా ఉండదు. వీధి మొదట్లో అందరికీ కలిపి ఒక పాత బోరు కుళాయి ఉంది గానీ, అది రోజు విడిచి రోజు కాసేపు చుక్కలు చుక్కలుగా కారి ఊరుకుంటుంది. మిగతా నీళ్ల కోసం ఆడవాళ్లు కిలోమీటరు దూరంలో చెరుకుతోటలో ఉన్న బోరుకి వెళ్తారు. తోట మోటారుకి కరెంటు ఇచ్చేది ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు దాకా. ఆ మూడు గంటల్లో గున్నమ్మ రెండు తిరుగుళ్లు తిరుగుతుంది. మూడోది ఆమె తిరుగుతానన్నా కుడి మోకాలు ఒప్పుకోదు. పైపు మా వీధిలోకి కూడా వేయండని పంచాయతీని నాలుగేళ్లుగా అడుగుతున్నారు. ఈ ఏడాది చుట్టుపక్కల వీధుల్లో ఒక్కదానికి కొత్త పైపు వేస్తామన్నారు. అది ఏ వీధో సర్వే తేలుస్తుందన్నారు.

చూశారా, సర్వే ఎంత అవసరమో!

సర్వే చేయడానికి వచ్చినవాడు చంద్రమోహన్. గున్నమ్మకి సొంత అన్న కొడుకు. పుట్టింది బుచ్చయ్యపేట దగ్గరే అయినా, తండ్రి ఉద్యోగం వల్ల పెరిగింది విశాఖపట్నంలో. వాన ముఖం చూడని జిల్లాల్లో నీటి పొదుపు మీదా, పర్యావరణ విధానాల మీదా ఇరవై రెండేళ్లు పనిచేసిన నిపుణుడు. చినుకు పడితే జనం ఇళ్లలోంచి బయటికొచ్చి నిలబడి చూసే ఊళ్లవి. అక్కడ అతను ఎన్ని ఇంకుడుగుంతలు తవ్వించాడో, ఎన్ని సెమినార్లలో ప్రసంగించాడో చెప్పాలంటే ఈ పేజీ చాలదు.

అతను ఊళ్లకి నీతులు చెప్పి ఇంట్లో షవరు కింద నిలబడే రకం కాదు. ఆ అనుమానం పెట్టుకోకండి. వైజాగ్‌లో అతని ఫ్లాట్‌లో ఫ్లష్ ట్యాంకులో ఇసక నింపిన సీసాలు మూడుంటాయి. ఇంటికి వచ్చినవాళ్లకి అరగ్లాసు నీళ్లే ఇస్తారు, కావాలంటే మళ్లీ అరగ్లాసు. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు మొక్కకి, కూరలు కడిగినవి నేల తుడవడానికి. భార్య రూపాదేవి ఉత్తమ ఇల్లాలు కాబట్టి ఎదురు చెప్పదు. ఆయన క్యాంపుకి వెళ్లిన రోజున తలంటుకుంటుంది.

మరి ఎండిన నేలల నిపుణుడికి చోడవరంలో ఏం పని అంటారా? అక్కడే ఉంది గొప్పతనం. నీళ్లు లేని చోట నేర్చుకున్న విద్యని నీళ్లున్న చోట ప్రయోగించాలని వాళ్ల నీటి పొదుపు కేంద్రం హెడ్డాఫీసు నిశ్చయించింది. చంద్రమోహన్ దేవరాపల్లి మీదుగా కారులో వస్తూ వరిచేలూ, చెరుకుతోటలూ, వాటి మధ్య పారే కాలవా చూశాడు. కారు ఆపించి దిగాడు. ఇన్ని నీళ్లా! ఎవరూ కొలవకుండానే!

ఒక సాయంత్రం నాలుగు గంటలకి గున్నమ్మ అరుగు ముందు వీధి ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి అతను మాట్లాడాడు. ఎండిన ఊళ్లలో ఆడవాళ్లు గిన్నెలు ఇసకతో తోముకుంటారని చెప్పాడు. ఒక ముసలమ్మ నులకమంచం మీద కూర్చుని స్నానం చేస్తుందనీ, మంచం కింద పళ్లెంలో పడిన నీళ్లు మేకకి పెడుతుందనీ చెప్పాడు. ఆడవాళ్లు ముక్కుమీద వేలేసుకున్నారు. చివర్లో అతను, విలువ తెలిసినవాళ్ల దగ్గరికే నీళ్లు వెళ్లాలని అన్నాడు.

ఆ ఒక్క మాటతో వీధి మొత్తానికి సంగతి అర్థమైపోయింది. ఇది పరీక్ష. తక్కువ రాసినవాళ్లు ఫస్టు. ఫస్టు వచ్చినవాళ్లకి పైపు.

ట్యాబు పట్టుకున్న అమ్మాయి పేరు షర్మిల. ఇంజనీరింగ్ చదివి చంద్రమోహన్ దగ్గర కొత్తగా చేరింది. ముందు ఆమె పక్కింటి అచ్చియ్యమ్మని అడిగింది. అచ్చియ్యమ్మ సాయంత్రాలు సెంటర్లో పకోడీల బండి పెడుతుంది, నూనె జిడ్డు వదలాలి గనక ఉన్నమాట చెప్పేసింది. స్నానానికి ఆరు చెంబులు.

వీధంతా ఆమె వైపు చూసింది.

"ఆరే? ఏటే, ఏనుక్కి గాని పోస్తన్నావా?" అంది గున్నమ్మ. "రాసుకో తల్లీ, నాకు మూడు."

"మూడు సెంబుల్తో నీకు తల తడుస్తాదేటి వదినా?"

"నా తల సంగతి నీకేల? ముందు ఆ ఆరు కొట్టించీ. వీధి పరువు తీసీలాగున్నావు."

అచ్చియ్యమ్మ ఆరు కొట్టించి రెండున్నర రాయించుకుంది. ఆ అర చెంబు ఎలా పోసుకుంటుందని షర్మిల అడగలేదు, ట్యాబులో దశాంశానికి చోటుంది. అక్కణ్నించి ఇక వేలంపాటే, కాకపోతే తలకిందుల పాట. ఒకామె బట్టలు వారానికి ఒకసారి అంది. ఇంకొకామె పదిరోజులంది. చివర కూర్చున్న కొత్త కోడలు తను అసలు గిన్నెలే ఎక్కువ వాడనంది.

ఇదంతా ఇలా నడుస్తుండగా గున్నమ్మ లోపలికి వెళ్లి, వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కోవడానికి నిండు బిందె తెచ్చి అరుగు పక్కన పెట్టింది. అన్న కొడుకు, పైగా వాడి వెంట వచ్చిన పరాయి పిల్ల. వాళ్లు కాళ్లు కడుక్కోకుండా ఎలా వెళ్తారు? ఆమె ఆ ఉదయం తిరిగిన రెండు తిరుగుళ్లలో ఒకటి ఆ బిందె. ఆ నీళ్లు ఎక్కడ ఎక్కించాలో షర్మిలకి తోచలేదు. ఫారంలో చుట్టాల కాళ్లకి గడి లేదు.

లెక్కలు తేలాయి. గానుగ వీధిలో మనిషి రోజుకి వాడే నీళ్లు పందొమ్మిది లీటర్లు!

చంద్రమోహన్ ఆ అంకెని మూడుసార్లు చూసుకున్నాడు. అతను ఇరవై రెండేళ్లు తిరిగిన ఎడారిలాంటి ఊళ్లలో కూడా ఇరవై ఏడు కంటే తగ్గలేదు. ఊరి పక్కన కాలవ పారుతుండగా ఇంత నిగ్రహమా? అదీ తన మేనత్త వీధిలో! ఆ రాత్రి భోజనంలో అతను సగం గ్లాసు కూడా తాగకుండా లేచాడని రూపాదేవి చెప్పింది.

పదిరోజుల్లో సన్మానం జరిగింది. గున్నమ్మకి శాలువా కప్పారు. 'ఆదర్శ నీటి పొదుపు వీధి' అని ఆకుపచ్చ బోర్డు చేయించి తెచ్చారు. దాన్ని బిగించడానికి వీధిలో గట్టిది ఏదీ దొరక్క, మొదట్లో ఉన్న చుక్కల కుళాయి స్తంభానికే బిగించారు. ఫొటోలో రెండూ బాగా పడ్డాయి.

మళ్లీ పదిరోజులకి పైపు ఎవరికో తేలింది. డాబాల కాలనీకి. అవును, పైపు ఉన్న కాలనీకే. దానికి రెండో పైపు.

ఫొటోలు ఇవ్వడానికి చంద్రమోహన్ వచ్చినప్పుడు గున్నమ్మ బియ్యం చెరుగుతోంది. చేట కింద పెట్టలేదు. ఇదెలా జరిగిందని అడిగింది. అతను అరుగు మీద కూర్చుని ఓపిగ్గా, కొంచెం సంతోషంగా కూడా, వివరించాడు. తమ కేంద్రానికి ఒక సూత్రం ఉంది. ఎండిన జిల్లాల్లో ఇరవై ఏళ్లుగా పరీక్షకి నిలిచిన సూత్రం. ఒక వీధి ఇప్పుడు ఎంత వాడుతోందో దానికి పదోవంతు కలిపితే రేపటి అవసరం. గానుగ వీధి వాడేది పందొమ్మిది, రేపటి అవసరం ఇరవై ఒకటి. లోటు రెండే లీటర్లు. డాబాల కాలనీ వాడేది నూటయాభై, రేపటి అవసరం నూట అరవై అయిదు. లోటు పదిహేను. లోటు ఎక్కడ ఎక్కువుంటే పైపు అక్కడికి.

ఇందులో తప్పు పట్టండి చూద్దాం! కూడిక సరిగ్గానే ఉంది. ఇంటి మేడ మీద ట్యాంకు, ట్యాంకు నిండి పొర్లితే మొక్కలు, మొక్కల వెనక కారు కడగడం, ఇన్ని అవసరాలున్నవాళ్లకి నీళ్లు కావాలా, ఏ అవసరమూ లేదని స్వయంగా రాయించుకున్నవాళ్లకి కావాలా? ఇంట్లో కూడా మనం చేసేది అదే కదా. మాటిమాటికీ అడిగేవాడి కంచంలో వడ్డిస్తాం. అడగని కోడలు మాడు అన్నంతో సర్దుకుంటుంది, ఎంత మంచిపిల్లో అని చెప్పుకుంటాం.

గున్నమ్మ అంతా విన్నది. చేటలో రాయి ఒకటి ఏరి పారేసింది.

"మూడు సెంబులా, నాలుగు సెంబులా అని అడిగేవు. ఏ సబ్బు రాస్తావని అడిగేవు. అన్నీ అడిగేవు సెంద్రం. నీళ్లొస్తన్నాయా అత్తా అని ఒక్క ముక్క అడగలేదేటిరా?"

అడిగే ఉంటామని చంద్రమోహన్ ట్యాబు తీశాడు. ఎనభై నాలుగు ప్రశ్నలు. పళ్లు తోముకోవడం ఉంది, పశువులు ఉన్నాయి, పూలకుండీలు ఉన్నాయి. నీళ్లు తెచ్చే పాత్ర రాగిదా, స్టీలుదా, ప్లాస్టిక్‌దా అని కూడా ఉంది. ఆ ఒక్క ప్రశ్నే లేదు. ఎందుకుంటుంది? అతను పనిచేసిన ఊళ్లలో నీళ్లు రావని అందరికీ తెలుసు. తెలిసిన సంగతి అడగడం అక్కడ అవమానం. ఆ ఫారం అలాగే వచ్చింది, కాలవలు దాటి, చెరుకుతోటలు దాటి.

ఇరవై రెండేళ్ల నిపుణుడు మేనత్త అరుగు మీద ఆ ఎనభై నాలుగూ మొదట్నించి మళ్లీ చదివాడు. కాఫీ ఇస్తే తాగాడు. రెండో గ్లాసు మంచినీళ్లు అడగబోయి, అవి ఎక్కణ్నించి వచ్చాయో గుర్తొచ్చి మానేశాడు.

ఇలాంటి మనుషుల్ని చూసి నవ్వకూడదు. తప్పు తెలిశాక దులుపుకుపోయే రకం కాదతను. ఆ రోజే హెడ్డాఫీసుకి రాశాడు. హెడ్డాఫీసు కూడా సంతోషించింది. ఎనభై అయిదో ప్రశ్న చేర్చారు. 'మీకు నీళ్లు వస్తున్నాయా? అవును, కాదు.' జవాబులు సేకరించడానికి చంద్రమోహన్ తనే వచ్చాడు, షర్మిలని వెంటబెట్టుకుని, ఆఫీసు వేళల్లో, పదిన్నరకి.

వీధిలో ఇరవై నాలుగు తలుపులకీ తాళాలున్నాయి. ఆడవాళ్లంతా చెరుకుతోట బోరు దగ్గర ఉన్నారు. తలుపు తాళం వేసి ఉంటే 'జవాబు లేదు' అని ఎక్కించాలనీ, జవాబు లేనివి లెక్కలోకి రావనీ షర్మిల నిబంధన గుర్తుచేసింది. అతను ట్యాబు తీసుకుని అరుగు మీద కూర్చున్నాడు. పన్నెండుంపావుకి గున్నమ్మ వీధి మలుపు తిరిగింది. చంకన బిందె, ఒక కాలు ఈడుస్తూ. అతను లేచి బిందె అందుకోబోతే ఇవ్వలేదు. దింపి, కొంగుతో మెడ తుడుచుకుంది. అతను ట్యాబు చూసి ప్రశ్న చదివాడు, ఆఫీసు భాషలో, మీరు అంటూ.

"నీళ్లు రావు బాబూ," అంది గున్నమ్మ. "నానే ఎల్తన్నాను."

చంద్రమోహన్ 'కాదు' నొక్కాడు.

జవాబు నెల తిరక్కుండానే వచ్చింది. హెడ్డాఫీసు అంతా ఒప్పుకుంది. పైపే లేనిచోట పందొమ్మిది లీటర్లన్నది వాడకం కాదు, మోతబరువు అని అందులో ఒక పెద్దాయన చక్కగా రాశాడు కూడా. కాబట్టి గానుగ వీధి అసలు అవసరం ఎంతో ఎవరికీ తెలియదు. అది తెలియాలంటే ఇంటింటికీ నీళ్లు వచ్చాక మూడునెలలు కొలవాలి. కొలత తేలాక గానీ పైపు మంజూరుకి సిఫారసు చేయకూడదు. అంటే పైపు రావాలంటే కొలత కావాలి, కొలవాలంటే పైపు కావాలి.

ఈ ఉత్తరం మేనత్తకి చదివి వినిపించడం చంద్రమోహన్‌కి కష్టమే అయింది. గున్నమ్మ మాత్రం తాపీగా విన్నది. పక్కన కూర్చున్న అచ్చియ్యమ్మ ఉల్లిపాయలు తరగడం ఆపి, ఇదేం గొడవని అడిగింది.

"గొడవేటి ఉంది ఇందులో," అంది గున్నమ్మ. "మూడు నెల్లకే ఇమ్మను బాబూ. కొలుసుకున్నాక ఊడపీకి పట్టుకుపోమను."

అతను ఆమె వైపు చూశాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీశాడు. ఆమె అన్నమాటే రాశాడు, భాష మాత్రం మార్చాడు. 'వాస్తవ వినియోగ నిర్ధారణ నిమిత్తం తొంభై రోజుల ప్రయోగాత్మక సరఫరా. అనంతరం ఉపకరణముల తొలగింపు.'

పదకొండు రోజుల్లో మంజూరైంది! నమ్ముతారా? పదకొండే. నీళ్లు అవసరమైనవాళ్లకి పైపు వేయడానికి అనుమతులు కావాలి, వంతు రావాలి. ప్రయోగానికి అవేమీ అక్కర్లేదు. డాబాల కాలనీ మలుపు నుంచి మురిక్కాలవ పక్కనే నేలమీద నల్ల పైపు పరిచారు. పూడ్చలేదు, మళ్లీ తీసెయ్యాలి గదా. ప్రతి ఇంటి ముందూ ఒక కుళాయి, కుళాయికి ఒక మీటరు.

మొదటిరోజు గున్నమ్మ దుప్పట్లు ఉతికింది. రెండోరోజూ దుప్పట్లే. మూడోరోజు ఇంట్లో ఉతికేవి అయిపోయి పక్కింటివాళ్లవి అడిగింది. తొమ్మిది కొట్టేసరికి అలవాటుకొద్దీ బిందె చంకనెత్తుకుని గుమ్మం దాకా వెళ్లి, ఎందుకు లేచిందో మరిచిపోయి నిలబడిందట ఒకరోజు. వారానికి మీటర్లు చూస్తే మనిషికి రోజుకి అరవై లీటర్లు తేలాయి. స్నానానికి ఎన్ని చెంబులని షర్మిల సరదాకి అడిగితే, లెక్కపెట్టడం మానేశానంది.

తొంభై రోజులూ గడిచాయి. షర్మిల ముగింపు ఫారం పట్టుకొచ్చింది. అందులో ఒకే ప్రశ్న, కొలత పూర్తయిందా అని. అవునంటే మర్నాడే పైపు చుట్టి బండెక్కిస్తారు. వీధి ఆడవాళ్లంతా మళ్లీ అరుగు ముందు కూర్చున్నారు. ఈసారి ఎవరూ వేలంపాట పాడలేదు.

గున్నమ్మ గొంతు సవరించుకుంది. మొన్న తన ఇంటికి చుట్టాలు వచ్చి నాలుగు రోజులు ఉన్నారనీ, కాబట్టి ఆ నెల మీటరు నమ్మడానికి లేదనీ చెప్పింది. అచ్చియ్యమ్మ తన కోడలు పుట్టింటికి వెళ్లిందనీ, ఆమె తిరిగొచ్చాక మళ్లీ మొదట్నించి కొలవకపోతే లెక్క తప్పుతుందనీ చెప్పింది. ఎదురింటామె నెలలో పన్నెండు రోజులు జ్వరంతో స్నానమే చేయలేదట. కొత్త కోడలు లేచి, తనకి ఏడో నెలనీ, పిల్ల పుట్టాక నీళ్లు వేరేగా అవుతాయనీ, సిగ్గుపడుతూనే, స్పష్టంగా చెప్పింది.

అన్నీ శాస్త్రబద్ధమైన అభ్యంతరాలే. ఎండిన జిల్లాల్లో ఇరవై రెండేళ్లు ఒక్క రిపోర్టు కూడా గడువు దాటించని చంద్రమోహన్, గడ్డం గోక్కుంటూ కాసేపు ఆలోచించాడు.

"వీళ్లు చెప్పేది నిజమే షర్మిలా," అన్నాడు. "పైగా కాలాన్ని బట్టి వాడకం మారుతుంది. మూడు కాలాలూ చూడాలి."

"మూడు కాలాలూ అయ్యాక, సార్?"

"ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ తేడా ఉండదేటమ్మా?"

షర్మిల తెలివైన పిల్ల. 'కాదు' నొక్కి ట్యాబు మూసేసింది.

అందుచేత పాఠకులారా, మీ వీధికి నీళ్లు లేకపోతే పైపు కావాలని అర్జీ పెట్టి పరువు పోగొట్టుకోకండి. మనుషులం, దాహమేస్తోంది అని అడిగినందుకు గానుగ వీధికి నాలుగేళ్లలో జవాబే రాలేదు. మమ్మల్ని కొలిచి చూడండి అన్నందుకు పదకొండు రోజుల్లో నీళ్లొచ్చాయి. మీరూ కొలవమనండి. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. బతికున్నంతకాలం ఆ కొలత తేలనివ్వకండి.